దిండు తీసేయడంతో మొదలుపెట్టండి: చిన్న డ్రమ్ కిట్‌ని జాజ్‌కి శ్రుతి చేసే పద్ధతి

మన ఆర్కెస్ట్రాల్లో చాలామంది డ్రమ్ సెట్టునే ‘జాజ్’ అంటారు. పేరు జాజే గానీ ఆ సెట్టు పలికే తీరు వేరు. కిక్ (కాలి పెడల్‌తో వాయించే పెద్ద డ్రమ్) లోపల దిండు ఉంటుంది, టామ్‌ల (పుల్లతో కొట్టే, తీగల్లేని డ్రమ్‌ల) మీద టేపు ముక్కలుంటాయి, కింది హెడ్లు (డ్రమ్‌కి బిగించే పొరలు) తీసేసి ఉంటాయి, లేదా వదులుగా వేలాడుతుంటాయి. దెబ్బ పడగానే ‘ధబ్’మని ఆగిపోవాలని అలా చేస్తారు. సినిమా పాటకి, రాక్‌కి ఆ పద్ధతి బాగానే నప్పుతుంది. జాజ్ సంగీతానికి మాత్రం డ్రమ్ ఆగిపోకూడదు, పాడాలి.

దీని వెనక కారణముంది. 1940ల్లో కెన్నీ క్లార్క్ లాంటి అమెరికన్ జాజ్ డ్రమ్మర్లు లయ నడిపించే పనిని కిక్ మీద నుంచి రైడ్ సింబల్ (పుల్లతో వాయించే పెద్ద లోహపు పళ్ళెం) మీదకి మార్చారు. దాంతో కిక్, స్నేర్ (కింద తీగలుండే డ్రమ్), టామ్‌లు పాటతో మాట్లాడే గొంతులయ్యాయి. మాట్లాడాలంటే స్వరం కావాలి, ఆ స్వరం సింబల్ కింద మునిగిపోకూడదు. అందుకే డ్రమ్‌లు చిన్నవయ్యాయి, శ్రుతి పైకి వెళ్ళింది. 1963లో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందంలో చేరినప్పుడు డ్రమ్మర్ టోనీ విలియమ్స్‌కి 17 ఏళ్ళు. అతను వాయించిన 18 అంగుళాల కిక్ ఉన్న గ్రెట్ష్ కంపెనీ కిట్ కొలతలే ఈనాటికీ ‘జాజ్ కిట్’ అంటే గుర్తొచ్చే కొలతలు: కిక్ 18, చిన్న టామ్ 12, ఫ్లోర్ టామ్ 14, స్నేర్ 14 అంగుళాలు. మీ కిక్ 20 అంగుళాలదైనా ఇక్కడ చెప్పేదంతా పనికొస్తుంది.

చెన్నైలో వేళచ్చేరిలోనో ఓఎంఆర్ మీదో ఫ్లాట్‌లో ఉంటూ ఒక గదిలో కిట్ పెట్టుకున్నవాళ్ళు ఆదివారం పొద్దున మొదలుపెడితే భోజనం వేళకి పని చాలావరకు పూర్తవుతుంది. పక్కింటివాళ్ళకి ఇబ్బందీ ఉండదు, ఎందుకంటే శ్రుతి చేసేటప్పుడు గట్టిగా కొట్టే పనే లేదు. వేలి కొనతో తట్టి వినడమే ఎక్కువ.

ముందు సమకూర్చుకోవాల్సినవి

అన్నిటికన్నా ముఖ్యం హెడ్లు. పైన కొట్టే వైపుకి ఒకే పొర ఉన్న కోటెడ్ హెడ్ కావాలి. రెమో కోటెడ్ అంబాసిడర్ గానీ ఇవాన్స్ జీ1 కోటెడ్ గానీ తీసుకోండి. రెండూ 10 మిల్ మందం, అంటే పావు మిల్లీమీటరు. చాలా కిట్లతో వచ్చే హెడ్లు, లేదా రాక్ కోసం అమ్మే రెండు పొరల హెడ్లు, ఎంత శ్రమపడి శ్రుతి చేసినా జాజ్‌కి పలకవు. రెండు పొరలూ ఒకదానికొకటి రాసుకుని పై స్వరాలని మింగేస్తాయి. టామ్‌ల కింది వైపుకి ఒకే పొర క్లియర్ హెడ్ చాలు. స్నేర్ కింది వైపుకి మాత్రం ‘స్నేర్ సైడ్’ అని ప్రత్యేకంగా అమ్మే 3 మిల్ హెడ్డే వేయాలి. టామ్ హెడ్ అక్కడ వేస్తే తీగలు స్పందించవు.

కోటింగ్ అందం కోసం పెట్టింది కాదు. పుల్లలకి బదులు సన్నటి తీగల బ్రష్‌లతో వాయించేటప్పుడు ‘స్‌స్’మనే ఆ రాపిడి ఆ గరుకుతనం వల్లే వస్తుంది. 1950ల రెండో సగంలో ప్లాస్టిక్ హెడ్లు మార్కెట్లోకి వచ్చేదాకా డ్రమ్‌లకి దూడ చర్మమే వేసేవారు. ఆ చర్మపు గరుకుని ఈ కోటింగ్ అందిస్తోంది. మధ్యలో అరిగి నున్నగా మెరుస్తుంటే హెడ్ మార్చే సమయం వచ్చినట్టే.

అన్నీ ఒకేసారి కొనలేకపోతే వరస ఇది: మొదట స్నేర్ పై హెడ్, తర్వాత 12 టామ్‌కి రెండు వైపులా, తర్వాత కిక్, చివరికి ఫ్లోర్ టామ్. హెడ్లు అన్నా సాలైలో 1842 నుంచి ఉన్న మ్యూసీ మ్యూజికల్ లాంటి వాద్యాల దుకాణాల్లో అడగండి. డ్రమ్ కొలత అంగుళాల్లో చెబితే సరిపోతుంది.

మిగతావి చిన్న సామాన్లు. డ్రమ్ కీలు రెండుంటే మంచిది, ఎదురెదురు రాడ్లని (హెడ్‌ని బిగించే మరమేకులని) ఒకేసారి తిప్పొచ్చు. కుట్టుమిషన్ నూనె, పాత నూలు గుడ్డ, తెల్ల కొవ్వొత్తి, మందంగా ఉండే జంపఖానా, తంబూరా పలికే శ్రుతి పెట్టె లేదా ఫోన్‌లో అలాంటి యాప్. కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో శ్రుతి పెట్టె ఎలాగూ ఉంటుంది.

రాడ్లకి కొబ్బరినూనె మాత్రం రాయకండి. కొన్నాళ్ళకి అది జిడ్డుకట్టి దుమ్ము పట్టేస్తుంది. సముద్రపు గాలికి చెన్నైలో రాడ్లు ఎలాగూ తొందరగా తుప్పు పడతాయి. తుప్పు పట్టిన రాడ్ తిరిగేటప్పుడు పట్టేసి ఒక్కసారిగా జారుతుంది, ఆ కుదుపుకి శ్రుతి గతి తప్పుతుంది. ప్రతి రాడ్‌నీ గుడ్డతో తుడిచి, మరల మీద ఒక చుక్క మిషన్ నూనె వేసి, వేళ్ళతో సాఫీగా తిరుగుతోందా చూడండి. తిరగకపోతే ఆ రాడ్ మార్చండి.

షెల్లుని ఒకసారి చూడండి

హెడ్లు రెండూ తీసేశాక షెల్లు (డ్రమ్ గుండ్రటి డొల్ల) అంచు కనిపిస్తుంది. హెడ్ ఆనుకునేది దాని మీదే. ఆ అంచు సమంగా లేకపోతే ఎంత తిప్పినా శ్రుతి కుదరదు, తప్పు మన చేతిదని అనుకుంటూ గంటలు గడిచిపోతాయి. పరీక్ష తేలిక. వంటింటి గ్రానైట్ గట్టుని శుభ్రంగా తుడిచి, షెల్లుని దాని మీద బోర్లించండి. ఫోన్ టార్చ్ వెలిగించి లోపల పెట్టి, గదిలో లైట్లు ఆర్పేయండి. పైనుంచి లోపలికి తొంగిచూడకుండా, కళ్ళని గట్టు మట్టానికి తెచ్చి అంచు చుట్టూ చూడండి. సన్నటి వెలుగు గీత ఎక్కడైనా బయటికి వస్తుంటే అక్కడ అంచు పల్లంగా ఉందన్నమాట.

కాగితం పట్టేంత సందు పెద్ద సమస్య కాదు. పోస్ట్‌కార్డు దూరేంత ఉంటే కలప పనిలో చేయి తిరిగినవాళ్ళకి ఇవ్వండి. ఇంట్లో గరుకు కాగితంతో రాయబోతే ఒకచోట ఎక్కువ అరిగి ఇంకా చెడుతుంది. అంచు బాగుంటే కొవ్వొత్తిని దాని మీద చుట్టూ ఒకసారి తేలిగ్గా రాసి, వేలితో రుద్దండి. హెడ్ ఆ మైనం మీద జారి సమంగా కూర్చుంటుంది.

12 టామ్: ఇక్కడే అసలు పని

మొదటిసారి ఈ ఒక్క డ్రమ్‌కే ముప్పావుగంట కేటాయించండి. ఇది కుదిరితే మిగతావన్నీ ఇదే దారి.

కింది హెడ్‌తో మొదలుపెట్టండి. చాలామంది దాన్ని పట్టించుకోరు, జాజ్ ధ్వని రాకపోవడానికి మొదటి కారణం కూడా అదే. పై హెడ్ దెబ్బ తింటుంది, కింది హెడ్ పాడుతుంది. డ్రమ్ ఎంతసేపు మోగాలో, ఏ స్వరం మీద నిలవాలో నిర్ణయించడంలో సగం పాత్ర దానిదే.

హెడ్ పెట్టండి, దాని మీద హూప్ (హెడ్‌ని అదిమి పట్టే కట్టు) పెట్టండి, రాడ్లన్నీ వేళ్ళతోనే బిగించండి. కీ ఇప్పుడే వద్దు. రాడ్ తల హూప్‌ని తాకి ఆగేదాకా అన్నీ సమానంగా రావాలి. తర్వాత కీతో ఒక్కో రాడ్‌ని అరచుట్టు తిప్పండి, వరసగా కాదు, ఎదురెదురుగా. ఆరు రాడ్లుంటే 1-4, 3-6, 5-2. ఎనిమిదుంటే 1-5, 3-7, 2-6, 4-8. స్నేర్‌కి పది ఉంటే 1-6, 3-8, 5-10, 7-2, 9-4. పక్కపక్క రాడ్లు వరసగా బిగిస్తే హూప్ ఒక వైపుకి ఒరుగుతుంది, ఇక ఆ ఒరుగుడుని సరిచేయడంతోనే పొద్దుపోతుంది.

ముడతలు పోయేదాకా ఇలా అరచుట్టు చొప్పున వెళ్ళండి. అప్పుడు అరచేతిని హెడ్ మధ్యలో పెట్టి ఒంటి బరువు కొంచెం ఆనించి నొక్కండి. కొత్త హెడ్ అయితే చిటపట చప్పుడొస్తుంది. భయపడొద్దు, హెడ్ అంచులోని జిగురు సర్దుకునే చప్పుడది. నొక్కాక మళ్ళీ ముడతలు కనిపిస్తే పావుచుట్టు చొప్పున ఒక విడత బిగించండి. కావలసినదానికంటే కాస్త ఎక్కువ శ్రుతికి తీసుకెళ్ళి, వీలైతే ఆ రాత్రికి అలాగే వదిలేయండి. మర్నాడు దించి శ్రుతి చేస్తే నిలుస్తుంది. ఈ ఒక్క రాత్రి ఓపిక పట్టకపోతే వారం పాటు రోజూ శ్రుతి దిగుతూనే ఉంటుంది.

ఇప్పుడు చెవికి పని. ఫ్యాన్ ఆపండి, ఏసీ ఆపండి. మే నెలలో ఇది కష్టమే, అయినా తప్పదు: తిరిగే ఫ్యాన్ కింద స్వరం వణుకుతున్నట్టు వినిపించి చెవి మోసపోతుంది. డ్రమ్‌ని జంపఖానా మీద బోర్లా పెట్టండి, అవతలి వైపు మూగబోతుంది. ఎడమచేతి వేలిని హెడ్ నడిమధ్య తేలిగ్గా ఆనించి, కుడిచేతి వేలి కొనతో ప్రతి రాడ్ ముందు, హూప్‌కి అంగుళం లోపలికి తట్టండి.

మృదంగం శ్రుతి చేసేవాళ్ళని మైలాపూర్‌లో చూసే ఉంటారు. రాయీ చెక్కముక్కా పట్టుకుని అంచు చుట్టూ తడుతూ, అన్ని చోట్లా ఒకే స్వరం పలికేదాకా వదలరు. ఇక్కడ పనీ అదే. ఏ స్వరం అన్నది తర్వాత సంగతి, ముందు ఆరు చోట్లా ఒకటే పలకాలి. అన్నిటికంటే తక్కువ పలికే రాడ్‌ని పట్టుకుని ఎనిమిదో వంతు చుట్టు పైకి తీసుకురండి. మళ్ళీ మొదటి నుంచి చుట్టూ తట్టి వినండి. ఒక రాడ్ బిగిస్తే దాని ఎదుటి రాడ్ దగ్గర కూడా స్వరం మారుతుంది, అందుకే ఒక్కసారి రెండు మూడు తిప్పేస్తే ఏది దేన్ని మార్చిందో తెలియదు.

ఎక్కువ పలికే రాడ్‌ని దించాల్సివస్తే, కావలసినదానికంటే కొంచెం కిందకి దించి, మళ్ళీ బిగిస్తూ పైకి రండి. తంబూరా తీగకి చేసినట్టే. దించుతూ ఆపేసిన రాడ్ మరలో సందు మిగిలిపోయి, నాలుగు దెబ్బలకి జారిపోతుంది.

మృదంగానికీ దీనికీ ఒక పెద్ద తేడా మనసులో పెట్టుకోండి. మృదంగం కుడివైపు మధ్యలో నల్లటి ముద్ద పెడతారు కదా, దాని బరువు వల్లే ఆ వైపు పలికే అనుస్వరాలు (మూలస్వరంతో పాటు దాని పైన వినిపించే స్వరాలు) మూలస్వరానికి రెండింతలు, మూడింతలుగా పొందిక పడతాయని సి.వి. రామన్ 1920లోనే చూపించారు. మన డ్రమ్ హెడ్ మీద ముద్ద లేదు. ఒట్టి పొర మీద అనుస్వరాలు మూలస్వరానికి సుమారు 1.59, 2.14, 2.30 రెట్ల దగ్గర పడతాయి, ఒకదానికొకటి పొంతన ఉండదు. అందుకే డ్రమ్ స్వరం మృదంగంలా తేటగా ఉండదు, గిటార్ ట్యూనర్ యాప్‌లు తికమకపడతాయి. మీ చెవి తప్పు కాదది.

కింది హెడ్ సమంగా వచ్చాక డ్రమ్ తిప్పి పై హెడ్‌కీ ఇదంతా చేయండి. ఇక డ్రమ్‌ని స్టాండ్‌కి తగిలించండి, లేదా హూప్ పట్టుకుని గాలిలో వేలాడదీయండి. పై హెడ్ మధ్యలో పుల్లతో ఒక్కసారి కొట్టి వినండి. ఇప్పుడు వచ్చేది డ్రమ్ అసలు స్వరం, రెండు హెడ్లూ కలిసి పలికేది. రాడ్ల దగ్గర విన్నదానికంటే ఇది బాగా కింద ఉంటుంది. రెండు హెడ్లూ ఇంచుమించు సమానంగా ఉన్నప్పుడు, అసలు స్వరాన్ని షడ్జమం అనుకుంటే రాడ్ దగ్గర పలికేది పంచమం దాటి ధైవతం చుట్టుపక్కల ఉంటుంది.

ఏ శ్రుతికి?

శ్రుతి పెట్టెని నాలుగు శ్రుతికి పెట్టండి, అంటే ఎఫ్. 12 టామ్ మధ్య షడ్జమం, సుమారు 175 హెర్ట్జ్. 14 ఫ్లోర్ టామ్ దాని కింద మంద్ర పంచమం, 131. కిక్ మంద్ర షడ్జమం, 87. స-ప-స అని మూడు డ్రమ్‌లూ వరసగా దిగాలి. ఈ పొందిక మన చెవికి పుట్టుకతో తెలిసినదే, అందుకే దీన్ని సూచిస్తున్నాం. జాజ్ వాద్యకారులందరూ ఇదే పెట్టుకోవాలన్న నియమమేమీ లేదు. 12కీ 14కీ మధ్య నాలుగు స్వరాల ఎడం ఉండటం మాత్రం చాలామంది పాటించేదే.

నాలుగు శ్రుతిలో మీ టామ్ గొంతు నొక్కినట్టు, పొట్టిగా ‘టక్’మంటుంటే మొత్తం కిట్‌ని రెండు శ్రుతికి, అంటే డి కి దించండి: 147, 110, 73. పలచటి షెల్లులు పైన బాగా పాడతాయి, మందపాటివీ చౌక రకం కలపవీ కింద బాగుంటాయి. ప్రతి డ్రమ్‌కీ అది సుఖంగా పలికే చోటు ఒకటుంటుంది. అక్కడ చిన్న దెబ్బకే పెద్దగా మోగుతుంది, షెల్లు మీద చేయి పెడితే అదురు తెలుస్తుంది. శ్రుతి పెట్టె కంటే ఆ చోటుకే విలువివ్వండి.

స్వరం పెంచాలంటే పైనా కిందా రెండు హెడ్లనీ ఎనిమిదో వంతు చొప్పున సమానంగా పెంచండి. రెండు హెడ్లూ ఒకే స్వరంలో ఉంటే డ్రమ్ ఎక్కువసేపు మోగుతుంది. మోత మరీ ఎక్కువనిపిస్తే కింది హెడ్‌ని ఒక మెట్టు పైకి తీసుకెళ్ళండి, తోక తగ్గుతుంది, స్వరం బిగువుగా మారుతుంది. జాజ్‌కి మా మాట: సమానం, లేదా కింది హెడ్ కొంచెం ఎక్కువ. కింది హెడ్ తక్కువైతే స్వరం ‘బోయ్’మని కిందకి జారుతుంది, అది వేరే సంగీతానికి.

ఫ్లోర్ టామ్‌కి కొత్తగా చెప్పేది తక్కువ. ఒక్క జాగ్రత్త: టైల్స్ నేల మీద నిలబెడితే దాని మోత కాళ్ళ గుండా నేలలోకి పోతుంది. కాళ్ళ కింద రబ్బరు బిళ్ళలు గట్టిపడి ఉంటే మార్చండి, లేదా ఒక్కో కాలి కింద చిన్న స్పాంజి ముక్క పెట్టండి. తేడా అప్పటికప్పుడే వినిపిస్తుంది.

కిక్

దిండు తీసేయండి. దుప్పటి, పాత టీషర్టులు, ఇంకేం కుక్కి ఉన్నా అన్నీ. ముందు హెడ్‌కి మైక్ కోసం రంధ్రం చేసి ఉంటే రంధ్రం లేని హెడ్ వేయండి. రంధ్రం నుంచి గాలి బయటికి పోతే ముందు హెడ్ పాడదు, 18 అంగుళాల డ్రమ్‌లో ఉన్న కొద్దిపాటి గాలి మనకి కావాలి.

రెండు హెడ్లూ టామ్ లాగే శ్రుతి చేయండి. ఈ కిక్ రాక్ కిక్‌లా పొట్టలో గుద్దదు. పెద్ద టామ్‌లా, ‘దూమ్’ అని గుండ్రంగా పలకాలి. మొదటిసారి విన్నవాళ్ళు శ్రుతి మరీ ఎక్కువైందని దించేస్తారు. అక్కడ ఆగండి. డబుల్ బాస్ పక్కన, గది అవతలి గోడ దగ్గర నుంచి విన్నప్పుడే దాని సంగతి తెలుస్తుంది. ఎవరినైనా పెడల్ తొక్కమని మీరు దూరంగా నిలబడి వినండి.

మోత మరీ పొడుగ్గా ఉంటే ఉన్ని గుడ్డ పట్టీ వాడండి. పాత ఉన్ని శాలువా అంచు నుంచి 7, 8 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ కత్తిరించండి. హెడ్ తీసి, పట్టీని షెల్లు మీద అడ్డంగా పరచండి, నడిమధ్య కాదు, వ్యాసంలో మూడో వంతు దగ్గర. దాని మీద హెడ్, హూప్ పెట్టి బిగించండి, పట్టీ కొసలు బయటికి వేలాడితే కత్తిరించండి. మొదట ముందు హెడ్‌కే వేసి చూడండి. ఇంకా కావాలంటే పెడల్ వైపు కూడా. దిండుకీ దీనికీ తేడా ఏమిటంటే పట్టీ హెడ్‌ని ఒక గీత మీదే తాకి తోకని కత్తిరిస్తుంది, స్వరాన్ని చంపదు.

18 అంగుళాల కిక్‌తో ఇంకో చిక్కు చాలామందికి తట్టదు. డ్రమ్ నడిమధ్య నేలకి 9 అంగుళాల ఎత్తులోనే ఉంటుంది, మామూలు పెడల్ బీటర్ (హెడ్‌ని కొట్టే సుత్తి) దానికంటే పైన తగులుతుంది. అక్కడ తగిలితే ధ్వని పలచగా, ఎండిపోయినట్టు వస్తుంది, శ్రుతి తప్పిందని మళ్ళీ కీ పట్టుకుంటారు. కిక్‌ని పైకెత్తే లిఫ్ట్ బ్రాకెట్ దొరికితే అది వేయండి, అందులో పెడల్ నేల మీదే ఉంటుంది, డ్రమ్ మాత్రం లేస్తుంది. లేకపోతే బీటర్ కాడని వీలైనంత కిందకి దించండి. బీటర్ మెత్తటి ఫెల్ట్‌ది, పెద్దది అయితే మంచిది, ప్లాస్టిక్ వైపు వద్దు. పెడల్ బిగించే చోట కలప హూప్ నలగకుండా సైకిల్ ట్యూబు ముక్క ఒకటి అడ్డం పెట్టండి.

స్నేర్

కింది హెడ్ చాలా బిగువుగా ఉండాలి, బొటనవేలితో నొక్కితే లొంగీ లొంగనట్టు. అది 3 మిల్ పొర కాబట్టి పుల్ల తగలనివ్వకండి, ఎనిమిదో వంతు చుట్టుకి మించి ఒకేసారి తిప్పకండి. తీగలు కూర్చునే చోట షెల్లు అంచు కాస్త పల్లంగా చెక్కి ఉంటుంది. అక్కడి రాడ్లు వదులైతే ముడత వస్తుంది, తీగలు ఆ ముడత మీద కొట్టుకుంటాయి.

పై హెడ్ బిగువుగానే ఉండాలి గానీ చెక్కబల్లలా కాదు. పుల్ల తిరిగి లేవాలి, బ్రష్ తీగలు కొంచెం లోపలికి దిగాలి. తీగలు వదిలేసి కొడితే స్వరం 12 టామ్ కంటే పైన ఉండాలి, నాలుగు శ్రుతిలో రిషభ గాంధారాల దగ్గర చూడండి.

ఇక తీగలు. స్ట్రెయినర్ (తీగలని బిగించే పరికరం) మరని పూర్తిగా వదిలేసి, తీగలు గలగలలాడే స్థితి నుంచి మొదలుపెట్టండి. హెడ్ అంచున వేలి కొనతో, వినీ వినపడనంత మెల్లగా తడుతూ మర కొద్దికొద్దిగా బిగించండి. ఆ మెల్లటి తట్టుకి కూడా తీగలు ‘చిస్’మని వెంటనే పలికి, వెంటనే ఆగే చోటు ఒకటి వస్తుంది. అక్కడే ఆపండి. ఇంకా బిగిస్తే గట్టి దెబ్బలు బాగుంటాయేమో గానీ మెల్లటి దెబ్బలకి తీగలు మేలుకోవు, జాజ్ స్నేర్ బతికేదంతా ఆ మెల్లటి దెబ్బల్లోనే.

అన్నీ కలిపి

కిట్ మొత్తం పెట్టి 12 టామ్ కొట్టగానే స్నేర్ తీగలు జుయ్‌మంటాయి. కొంచెం గుయ్ ఉండనివ్వండి, అది కిట్ ఊపిరి. మరీ విసుగనిపిస్తే స్నేర్ కింది హెడ్‌లో, తీగల రెండు చివరలకీ అటూఇటూ ఉన్న నాలుగు రాడ్లని ఎనిమిదో వంతు చొప్పున వదలండి. అయినా పోకపోతే టామ్‌ని అరస్వరం అటో ఇటో జరపండి, రెండు స్వరాలూ దగ్గరగా ఉన్నందువల్లే తీగలు అదురుతున్నాయి. తీగలు బిగించి గుయ్ ఆపాలని మాత్రం చూడకండి.

టామ్ మోత వణుకుతూ ‘వావావా’ అంటుంటే ఏదో ఒక హెడ్‌లో రాడ్లు సమంగా లేవు, జంపఖానా మీదకి తిరిగి వెళ్ళాల్సిందే. రాడ్లన్నీ సమంగానే ఉన్నా మోత కుదరకపోతే పాత హూప్ వంకర తిరిగి ఉండొచ్చు. దాన్ని తీసి అదే గ్రానైట్ గట్టు మీద పెట్టి వేలితో నొక్కితే కటకటలాడుతుంది. అన్నీ బాగుండి ఒక్క పై అనుస్వరం చెవిలో గుచ్చుకుంటుంటే, అంచున బొటనవేలి గోరంత టేపు ముక్క మడిచి అంటించండి. ఇది చివరి మెట్టు. చాలామంది మొదటి మెట్టుగా టేపు పెట్టి, దాని కింద శ్రుతి లోపాన్ని దాచేస్తారు.

హాలుకి తీసుకెళ్ళినప్పుడు

మృదంగం చర్మం తేమకి సాగినట్టు ప్లాస్టిక్ హెడ్ సాగదు, అయినా వేడికీ చలికీ మారుతుంది. పాలియెస్టర్ పొర చుట్టూ ఉన్న కలప కంటే, ఇనుప హూప్ కంటే వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది. అంటే ఎండలో శ్రుతి దిగుతుంది, ఏసీ హాల్లో ఎక్కుతుంది. డిసెంబరు కచేరీల్లో వేదిక మీద మృదంగ విద్వాంసులు పాటపాటకీ మధ్య శ్రుతి సరిచూసుకుంటారు కదా, మీకు అంత తరచుగా అవసరం పడదు గానీ ఒక్కసారైనా తప్పదు. కిట్ దించిన వెంటనే శ్రుతి చేయకండి. బ్యాగుల్లోంచి తీసి, పెట్టి, 20 నిమిషాలు హాలు చల్లదనానికి వదలండి. తర్వాత స్నేర్ మొదట, 12 టామ్ తర్వాత, కిక్ చివర చూడండి. సాధారణంగా ఎదురెదురు రాడ్లు ఎనిమిదో వంతు దించితే సరిపోతుంది.

మధ్యాహ్నం ఎండలో మూసిన కారులో కిట్ వదిలి భోజనానికి వెళ్ళొద్దు. అంత వేడికి హెడ్లు సాగితే సాయంత్రం అన్ని డ్రమ్‌లకీ పని మళ్ళీ మొదటికొస్తుంది. అక్టోబరు నుంచి వానలు మొదలయ్యాక కలప హూప్‌లు తేమ పీల్చి ఉబ్బుతాయి, కిక్ కొక్కేలు బిగుసుకుంటాయి, ఉన్ని పట్టీ బరువెక్కి కిక్ మూగబోయినట్టు వినిపిస్తుంది. ఆ నెలల్లో పట్టీని తీసి ఫ్యాన్ కింద ఒక రాత్రి ఆరబెట్టండి, రాడ్లకి మళ్ళీ ఒక్కో చుక్క నూనె వేయండి.